ఫాతిహా సూరా: పఠనమా, సంభాషణమా?

ఒంటరిగా నమాజు చేయువాడు ఫర్జు రకాతులలోనే దినమునకు 17 పర్యాయములు ఫాతిహా సూరా పఠించును. ఏమి పఠించితివని అడిగినచో ఎందరు చెప్పగలరు? మక్తబులో పిల్లలకు ఉచ్చారణ నేర్పుదురు. అర్థము పెద్దయిన పిదప తెలిసికొనవచ్చు నందురు. ఆ “పిదప” అనునది కొందరికి కళాశాల చదువు ముగిసినను రాదు. దైవముతో సాన్నిహిత్యము కోరువారు ఎక్కడినుండి ప్రారంభింపవలెనను ప్రశ్నకు మా సమాధానము ఇదియే: నోటికి వచ్చిన ఈ 7 ఆయతులనే అర్థముతో మరల చదువవలెను.

ఈ సూరా స్తుతితో ప్రారంభమగును. సకల లోకముల పోషకుడు, కరుణామయుడు, తీర్పుదినమునకు అధిపతి అని దైవమును గూర్చి చెప్పుచు పోవును. అంతలో ధోరణి మారి, “నీవు” అను మాట వచ్చును. అంతవరకు దైవమును గూర్చి పలికినవాడు దైవముతోనే పలుకనారంభించును. ముందు చెప్పిన గుణములను మనసున నిలుపుకొననివాడు ఆ పిలుపును పెదవులతో పలుకును గాని పిలువలేడు. ఎరుగనివానిని ఎట్లు పిలువగలము?

ఉర్దూలో తండ్రిని, గురువును “ఆప్” అందుము. దైవమును “తూ” అందుము. తెలుగునను పెద్దలకు “మీరు”, దేవునికి “నీవు”. ఇది మర్యాదలోపము కాదు. ఆయన ఒక్కడే యనుటకును, దగ్గరివాడే యనుటకును ఇంతకంటె తగిన మాట లేదు.

మరియొక విశేషము: ఆ పిలుపునందు “నేను” లేదు. గదిలో ఒంటరిగా నిలిచినవాడును బహువచనముననే ఆరాధన చెప్పుకొని, బహువచనముననే సహాయ మర్థించును. అరబ్బీలో ఈ బహువచనమునకు ఒకే రూపము. ఉర్దూ “హమ్” కూడ అట్టిదే. తెలుగున వినువానిని కలుపుకొనినచో “మనము”, విడిచినచో “మేము”. కావున ఇక్కడ తెలుగు అనువాదకుడు “మేము” అనియే వ్రాయవలెను. ఈ ఒక్క విషయమున తెలుగు విద్యార్థి ఉర్దూ విద్యార్థికి పాఠము చెప్పవచ్చును!

ఉర్దూ విద్యార్థికి వేరొక సంపద కలదు. హమ్ద్, రబ్, మాలిక్, ఇబాదత్, హిదాయత్, గజబ్ మున్నగు తన నిత్యవ్యవహారపు మాటలే ఈ సూరాలోను రూపభేదముతో ఉన్నవి. “అన్‌అమ్త” అను క్రియకును “ఇనామ్”కును ధాతు వొకటే. ఇనాము భూములను ఎరుగని పల్లె మనకు లేదు గదా! ఇద్దరును ప్రక్కప్రక్కన కూర్చుండి చదివినచో సగము నిఘంటువు అక్కడనే దొరకును.

సహీహ్ ముస్లిమ్‌లో అబూ హురైరా ద్వారా లభించిన హదీసు ఒకటి ఈ విషయమున మిక్కిలి విలువైనది. దాసుడు ఫాతిహా పఠించుచుండగా ఒక్కొక్క వాక్యమునకును దైవము ప్రత్యుత్తర మిచ్చునట. స్తుతి వాక్యములు వినినపుడు దాసుడు నన్ను స్తుతించెనని, కీర్తించెనని పలుకును. “నీవు” అను చోటికి వచ్చినపుడు ఇది నాకును అతనికిని నడుమ గల విషయమనును. కడపటి వేడుకోలునకు, అతడు కోరినది అతనికి కలదనును. ఇది తెలిసిన పిదప ఒక్క శ్వాసలో సూరా ముగించుట ఎవరికైనను కష్టమే. ప్రత్యుత్తరమునకు ఎడ మీయవలె గదా.

అర్థము తెలియుటకు సాధనములు కొరవడలేదు. భాషాశాస్త్రవేత్త చిలుకూరి నారాయణరావుగారు ఖుర్‌ఆనును తెలుగు చేసిన తొలి అనువాదకులు. నిజాం కొలువున హైదరాబాదులో నున్న మార్మడ్యూక్ పిక్తాల్ ఆంగ్లానువాదము 1930లో వెలువడినది. మూలమునకు అనువాదము సాధ్యము కాదని తలచి, ఆయన తన గ్రంథమునకు ఖుర్‌ఆను “అర్థము” అనియే పేరు పెట్టెను. అనువాదమును మూలము ప్రక్కన నుంచుకొని చదువుటయే మేలని మేమును తలంతుము.

ఎంత చదువవలెనను చింత వలదు. రమజానులో ఎన్ని ఖతములు చేసితిమని లెక్కించుకొను అలవాటు మంచిదే గాని, ప్రవక్త (స) ఒక రాత్రి నమాజున ఒకే ఆయతును తెల్లవారువరకు మరల మరల పఠించుచు నిలిచిరని అబూ జర్ర్ చెప్పెను. అది మాయిదా సూరాలోని 118వ ఆయతు. దాసుల శిక్షయు క్షమయు దైవము చేతిలోనివే యని ఈసా ప్రవక్త విన్నవించుకొను ఘట్టము. ఆ మాటయు “నీవు” అను పిలుపుతోనే సాగును.