ఒరగని పడవ ముందుగా హెచ్చరించదు: కుటుంబ కాటమరాన్ ఎంపిక వెనుక భౌతికశాస్త్రం

గాలి జోరందుకున్న సాయంత్రం సముద్రంలో పందెపు కాటమరాన్‌ను చూస్తే, దాని సగభాగం నీటి మీద కాకుండా గాలిలో ఉంటుంది. పడవ నడిపే ఇద్దరూ తెరచాప స్తంభానికి కట్టిన తీగ ఆధారంగా అంచు మీద పాదాలు ఆనించి, శరీరాన్ని పూర్తిగా బయటకు చాచి నిలబడతారు. పడవ కాస్త ఎక్కువ ఒరిగితే ఆ మార్పు ముందుగా వాళ్ల మోకాళ్లకే తెలుస్తుంది. వెంటనే తాడు సడలిస్తారు. ఒకవేళ పడవ బోల్తాపడినా ఒకరు తాడు పట్టుకుని వెనక్కి వాలితే మళ్లీ లేస్తుంది. ఆటలో అదీ ఒక భాగమే.

ఇలా ఏళ్ల తరబడి పడవ నడిపిన వ్యక్తి, జీవిత భాగస్వామితో, ఇద్దరు పిల్లలతో నెలల తరబడి సముద్రంలో ఉండేందుకు పెద్ద కాటమరాన్ కొనాలనుకుంటే, పాత అనుభవం కొంత ఉపయోగపడుతుంది, కొంత ప్రమాదంలోకి నెడుతుంది. రెండింటి పేరూ ఒకటే అయినా, అవి నిలకడ తెచ్చుకునే తీరు వేరు.

తెప్ప నుంచి జంట హల్ దాకా

కాటమరాన్ అనే మాట తమిళంలోని ‘కట్టుమరం’ నుంచి వచ్చింది. దుంగలను తాళ్లతో కట్టి చేసే ఈ సాధనాన్ని ఆంధ్ర తీరంలో మత్స్యకారులు ‘తెప్ప’ అంటారు. ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ 1697లో ప్రచురించిన యాత్రా గ్రంథంలో కోరమాండల్ తీరపు ఈ తెప్పల ప్రస్తావన ఉంది. నిజానికి తెప్ప రెండు భాగాల పడవ కాదు. రెండు పడవలను అడ్డదూలాలతో కలిపే పద్ధతిని ఎంతో ముందే పరిపూర్ణం చేసింది పసిఫిక్ దీవుల పాలినీషియన్లు. పేరు మన తీరం నుంచి వెళ్లింది, రూపం పసిఫిక్ నుంచి వచ్చింది.

అమెరికా నౌకా రూపకర్త నథానియెల్ హెరెషాఫ్ 1876లో ‘అమరిల్లిస్’ అనే కాటమరాన్‌తో న్యూయార్క్ పోటీలో మిగతా పడవలన్నిటినీ దాటేశాడు. తర్వాత ఆ పడవను అనర్హమైనదిగా ప్రకటించారు. దాదాపు వందేళ్ల తర్వాత, 1970 ప్రాంతంలో, కాలిఫోర్నియాకు చెందిన హోబీ ఆల్టర్ తెచ్చిన ‘హోబీ 16’ ఈ ఆటను సామాన్యుల దగ్గరికి చేర్చింది.

నిలకడ ఎక్కడి నుంచి వస్తుంది?

నీటిలో తేలే పడవ శరీరాన్ని హల్ అంటారు. కాటమరాన్‌కు రెండు సన్నని హల్‌లు ఉంటాయి. గాలి తెరచాపను నెట్టినప్పుడు పడవను పడదోసే భ్రామకం పుడుతుంది. పడవ బరువును, దానికీ గాలికి అవతల ఉన్న హల్‌కూ మధ్య దూరాన్ని గుణిస్తే దాన్ని ఎదిరించే భ్రామకం వస్తుంది. పడదోసే భ్రామకం దీన్ని మించిన క్షణాన గాలి వైపు హల్ నీటిని వదిలి లేస్తుంది.

హోబీ 16 పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, బరువు 145 కిలోలు, తెరచాపల వైశాల్యం దాదాపు 20 చదరపు మీటర్లు. రెండు హల్‌ల మధ్యరేఖల దూరం 2.2 మీటర్లు అనుకుంటే, పడవ బరువు ఇచ్చే ఎదురు భ్రామకం 145ను 1.1తో గుణించగా వచ్చే సుమారు 160 కిలో-మీటర్లు. నడిపే ఇద్దరి బరువు 150 కిలోలు అనుకుంటే, అంచుకు ఒక మీటరు బయట వేలాడినప్పుడు వాళ్లు ఇచ్చేది 480. అంటే మొత్తం నిలకడలో మూడొంతులు మనుషులదే. వాళ్లు లోపలికి జరిగితే నిలకడ తగ్గుతుంది, బయటకు చాస్తే పెరుగుతుంది. పందెపు కాటమరాన్‌లో మనుషులే బరువురాయి.

ఇప్పుడు 13 మీటర్ల పొడవు, 12 టన్నుల బరువు, 90 చదరపు మీటర్ల తెరచాప ఉన్న కుటుంబ కాటమరాన్‌ను తీసుకుందాం. హల్‌ల మధ్యరేఖల దూరం 5.8 మీటర్లు అయితే ఎదురు భ్రామకం 12,000ను 2.9తో గుణించగా 34,800 కిలో-మీటర్లు. అక్కడ 75 కిలోల మనిషి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా మారేది దాదాపు 1 శాతమే. మనిషి శరీరానికి అక్కడ పని లేదు.

రెట్టింపు పడవకు పదహారు రెట్ల బలం

పెద్ద పడవ ఎందుకు అంత నిలకడగా ఉంటుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒకే ఆకారంలోని పడవ కొలతలన్నీ రెట్టింపు చేస్తే బరువు 8 రెట్లు, వెడల్పు 2 రెట్లు అవుతాయి. కాబట్టి ఎదురు భ్రామకం 16 రెట్లు. తెరచాప వైశాల్యం 4 రెట్లు, దాని ఎత్తు 2 రెట్లు. కాబట్టి అదే గాలిలో పడదోసే భ్రామకం 8 రెట్లే. నికరంగా నిలకడ రెట్టింపు అయింది. కుటుంబ ప్రయాణాలకు మరీ చిన్న కాటమరాన్‌ను నిపుణులు అంతగా సూచించకపోవడానికి ఖర్చు, సౌకర్యాలతో పాటు ఇదీ కారణం.

గాలి బలం దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పై కొలతలతో ఉజ్జాయింపుగా లెక్కిస్తే, ఇద్దరు బయట వేలాడుతున్న హోబీ 16 హల్ గంటకు 37 కిలోమీటర్ల గాలికి లేస్తుంది. పూర్తి తెరచాపతో ఉన్న పెద్ద పడవకు 90 కిలోమీటర్ల దాకా కావాలి. కానీ ఇది చదునైన నీటికి, నిలకడగా వీచే గాలికి మాత్రమే వర్తించే లెక్క. సముద్రంలో అలలు పడవను ఒకవైపు ఎత్తుతాయి. గాలి ఒక్క విసురులో 40 శాతం పెరిగితే బలం దాదాపు రెట్టింపవుతుంది. తెరచాప స్తంభం, తాళ్లు భరించగల ఒత్తిడికీ హద్దు ఉంటుంది. అందుకే తెరచాపను మడిచి తగ్గించే తయారీదారుల పట్టికలు సాధారణంగా 20 నాట్లు, అంటే గంటకు 37 కిలోమీటర్ల గాలి దగ్గరే మొదలవుతాయి.

పాత అలవాటులోని ప్రమాదం

అడుగున బరువైన కీల్ ఉన్న ఒంటి హల్ పడవ గాలికి క్రమంగా ఒరుగుతుంది. ఒరిగేకొద్దీ తెరచాపకు తగిలే గాలి తగ్గుతుంది, కీల్ పనిచేయడం పెరుగుతుంది. పూర్తిగా పక్కకు పడినా తిరిగి లేవగలదు. కాటమరాన్ అలా కాదు. గాలి వైపు హల్ నీటిని వదిలే క్షణంలోనే, అంటే పది డిగ్రీల అటూఇటూ ఒరిగినప్పుడే, దాని ఎదురు భ్రామకం గరిష్ఠస్థాయికి చేరుతుంది. ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. పూర్తిగా తలకిందులైతే ఆ స్థితిలో కూడా అంతే నిలకడగా ఉండిపోతుంది. చిన్న పడవను ఇద్దరు లేపగలరు. 12 టన్నుల పడవను సముద్రం మధ్యలో ఎవరూ లేపలేరు.

పందెపు పడవలో హల్ లేవడం సరదా. కుటుంబ పడవలో అది చివరి హెచ్చరిక. అంతకు ముందు పడవ దాదాపు ఒరగదు, వంటగట్టు మీద గ్లాసు కదలదు. ఒంటితో గాలిని చదవడం నేర్చుకున్న నావికుడికి ఇక్కడ ఒళ్లు ఏమీ చెప్పదు. ‘ఇంకా పరవాలేదు’ అనిపించే ఆ ధీమానే ప్రమాదం. కాబట్టి అతను నమ్మాల్సింది గాలి వేగం చూపే పరికరాన్ని, తయారీదారు పట్టికను. పిల్లలు నిద్రపోయే వేళ, రాత్రి కాపలా మొదలయ్యే ముందు తెరచాపను ఒక మడత తగ్గించడం పిరికితనం కాదు. చూపు ఆననప్పుడు వచ్చే విసురుకు ముందే సిద్ధం కావడం.

బరువు: కనిపించని శత్రువు

కుటుంబంతో పాటు తాగునీరు, ఇంధనం, సరుకులు, బ్యాటరీలు, సైకిళ్లు, పుస్తకాలు వస్తాయి. హల్‌లు సన్నగా ఉంటాయి కాబట్టి అవి బరువుకు త్వరగా కుంగుతాయి. నీటిమట్టం దగ్గర రెండు హల్‌ల వైశాల్యం 23 చదరపు మీటర్లు అయితే, ఒక్క సెంటీమీటరు కుంగడానికి దాదాపు 235 కిలోలు చాలు. రెండు టన్నుల సామాను ఎక్కితే పడవ 8 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది.

బరువు పెరిగితే ఎదురు భ్రామకం పెరుగుతుంది కదా అనిపించవచ్చు. కానీ నీటి నిరోధం పెరిగి వేగం తగ్గుతుంది, స్తంభం మీదా తాళ్ల మీదా ఒత్తిడి ఎక్కువవుతుంది. రెండు హల్‌లను కలిపే వంతెన అడుగుభాగానికీ నీటికీ మధ్య ఖాళీ తగ్గి, ఎదురు అలలు కింది నుంచి సుత్తిలా కొడతాయి. ఆ చప్పుడుకు పిల్లలు నిద్రపోలేరు, పడవ కట్టు కూడా అలసిపోతుంది. అందుకే కొనేవారు ఖాళీ పడవ బరువుకూ అనుమతించిన గరిష్ఠ బరువుకూ మధ్య తేడాను తప్పకుండా అడగాలి. తమ సామాను జాబితాను కిలోల్లో కూడి దానితో పోల్చాలి. వీలైతే ఖాళీ పడవను కాక, నిండిన పడవను ఎదురు అలల్లో నడిపి చూడాలి.

కడుపులో తిప్పడం గురించి

కాటమరాన్ ఒరగదు కాబట్టి సముద్రపు వికారం రాదనేది సగం నిజమే. మనిషికి ఎక్కువ వికారం కలిగించేది పైకీ కిందికీ నెమ్మదిగా ఊగే కదలిక. సెకనుకు 0.2 పౌనఃపున్యం దగ్గర, అంటే ఐదారు సెకన్లకు ఒకసారి ఊగినప్పుడు ఆ బాధ గరిష్ఠంగా ఉంటుంది. కాటమరాన్ పక్కకు తక్కువగా ఒరిగినా, అలలను ఎక్కి దిగే ఊపు దానికీ ఉంటుంది. పక్క నుంచి అల వచ్చినప్పుడు కుదుపు చురుగ్గా కూడా ఉంటుంది. రెండేళ్ల లోపు పసివాళ్లకు వికారం అరుదు, బడి వయసు పిల్లలకు ఎక్కువ. అందుకే కుటుంబమంతా ఒక రాత్రి ప్రయాణం చేసి చూశాకే నిర్ణయం తీసుకోవడం మంచిది. కదలిక తక్కువగా ఉండే పడవ మధ్యభాగంలో, బయటి దిగంతం కనిపించేలా కూర్చునే చోటు ఉందో లేదో గమనించాలి.

చూడాల్సిన మరికొన్ని

ఆరు మీటర్లు, అంతకు మించిన తెరచాప పడవల నిలకడకు ఐఎస్ఓ 12217-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పడవ ఎంతటి సముద్రానికి తగినదో ఎ నుంచి డి దాకా వర్గాలు చెబుతాయి. తలకిందులైతే లోపలివారు బయటపడే ద్వారం హల్‌లలో ఉందా, అది పెద్దవాళ్లకే కాక పిల్లలకూ అందుతుందా అని చూడాలి. లోతు తక్కువ ఉన్న స్థిరమైన చిన్న కీల్‌లు నిస్సారమైన నీటిలోకి వెళ్లడానికి, ఆటుపోట్లకు ఇసుక మీద నిలవడానికి అనుకూలం. ఎత్తి దించే పలకలు గాలికి ఎదురుగా బాగా తీసుకుపోతాయి కానీ నిత్యం శ్రద్ధ కోరతాయి. చుక్కాని దగ్గర నిలబడిన మనిషికి ముందు డెక్ మీద ఆడుతున్న పిల్లలు కనిపిస్తారా, వాళ్ల నడుముకు కట్టే తాడును ఆ చివర నుంచి ఈ చివర దాకా విప్పకుండా తీసుకెళ్లే వీలుందా అన్నవి కూడా తెరచాప వైశాల్యమంత ముఖ్యమైన ప్రశ్నలే.

పందెపు పడవలో పెరిగిన నైపుణ్యం వృథా కాదు. గాలి మారే తీరు, అలల లయ తెలిసినవారు ఇక్కడా మెరుగ్గా నడుపుతారు. మార్చుకోవాల్సింది హద్దును గుర్తించే పద్ధతిని. ఇన్నాళ్లూ ఆ హద్దును కాళ్లతో కొలిచిన మనిషి, ఇకపై అంకెతో కొలవాలి. ఆ అంకెను జీవిత భాగస్వామికీ, ఎదిగిన పిల్లలకూ తెలిసేలా చుక్కాని పక్కన రాసి అంటించాలి. అప్పుడే, అతను నిద్రలో ఉన్నా, తెరచాప తగ్గించాల్సిన సమయం వచ్చిందని మరొకరు చెప్పగలుగుతారు.