పిక్నిక్‌లో అమ్మకు సెలవుందా?

"రేపు ఆదివారం కదా, పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్దాం!" శనివారం రాత్రి భోజనాల దగ్గర శ్రీవారు ఈ మాట అనగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు. అత్తయ్యగారూ పెట్టెలోంచి మంచి చీర తీసుకుంటారు. ఇంట్లో అందరికీ సెలవు మొదలైనట్టే. అమ్మ మాత్రం పులిహోరకి చింతపండు ఉందో లేదో చూసుకోవడానికి వంటింట్లోకి నడుస్తుంది.

మా ఇంట్లోనూ ఇదే వరస. పోయిన వానాకాలంలో "శామీర్‌పేట చెరువు నిండిందట, చూసొద్దాం" అన్నారాయన. సికింద్రాబాద్ నుంచి పాతిక కిలోమీటర్లే. పక్కనే జవహర్ జింకల పార్కు. ఐదేళ్ళ బాబు, ఏడాదిన్నర పాప, అత్తయ్య, మేమిద్దరం. చెప్పుకోవడానికి ఎంత బావుందో!

నాలుగున్నరకే లేచాను. పులిహోర, పెరుగన్నం, పాపకి మెత్తటి పప్పన్నం, కాచి చల్లార్చిన నీళ్ళు, రెండు జతల బట్టలు... అన్నీ సర్దేసరికి పదిన్నర. అల్వాల్ దాటకముందే బాబు "ఇంకెంత దూరం?" మొదలుపెట్టాడు. తూంకుంట దగ్గర పాప వాంతి చేసుకుంది. రెండు జతల్లో ఒకటి అక్కడే అయిపోయింది.

జింకలా? చీమలా?

పార్కు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. జింకలు పొద్దున్నే, సాయంత్రం పూట మేతకొస్తాయి గానీ ఎండలో నీడ పట్టున పడుకుంటాయి. ఆ సంగతి అక్కడికి వెళ్ళాకే గుర్తొచ్చింది. మాకు కనిపించినవి దూరాన రెండు చెవులు! బాబు మాత్రం వాటిని పట్టించుకోలేదు. చెట్టు మొదట్లో గుడ్లు మోసుకెళ్తున్న చీమల బారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇంత దూరం వచ్చి చీమలేంట్రా, జింకల్ని చూడు" అని వాణ్ణి లాగుతూనే ఉన్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు నిజంగా పిక్నిక్ చేసుకున్నది వాడొక్కడే.

'నువ్వు చూస్తున్నావనుకున్నా'

భోజనాలయ్యాక చెరువు దగ్గరికి వెళ్ళాం. నేను పాపకి బట్టలు మారుస్తున్నాను. ఆయన ఫోన్‌లో ఉన్నారు. అత్తయ్య కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. అంతలో మక్క కంకులు కాల్చే అవ్వ గట్టిగా అరిచింది. "ఓ బిడ్డా! పిలగాడు నీళ్ళ దిక్కు పోతుండు, సూస్కో!"

వెళ్ళి పట్టుకునేసరికి వాడికీ నీటికీ మధ్య నాలుగడుగులే. తడిసిన రాళ్ళు, పాచి. నా కాళ్ళు వణికిపోయాయి.

"నువ్వు చూస్తున్నావనుకున్నా" అన్నారాయన. నేనూ సరిగ్గా అదే అనబోయాను. ముగ్గురు పెద్దవాళ్ళం ఉన్నాం. ఎవరికి వారు ఇంకొకరు చూస్తున్నారనుకున్నాం, ఎవరమూ చూడలేదు. పసిపిల్లలు నీళ్ళలో పడితే సినిమాల్లోలా కేకలు వెయ్యరు. చప్పుడు లేకుండానే మునిగిపోతారు. మోకాలి లోతు కూడా అక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం మాట్లాడుకోలేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆయనే అన్నారు: "తప్పు నీది కాదు. పొద్దుట్నుంచీ అన్నీ నీమీదే వదిలేశాం." ఆ రోజునుంచి మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మీకూ పనికొస్తాయేమో చూడండి.

* నీళ్ళున్న చోట పిల్లల కాపలా వంతులవారీగా ఉండాలి. "ఇప్పుడు నీ వంతు" అని పైకి చెప్పాలి. వంతులో ఉన్నవారు ఫోన్ ముట్టుకోకూడదు.

* ఒక రోజుకి ఒక్క చోటే. ఉదయం ఏడింటికల్లా బయల్దేరి, పిల్లల మధ్యాహ్నం నిద్రవేళకి ఇల్లు చేరితే సగం ఏడుపులు తప్పుతాయి.

* వంటకం ఒక్కటి చాలు. సర్దడం, తిరిగొచ్చాక గిన్నెలు కడగడం అందరి పనీ.

* దారిలో బాత్రూమ్ దొరకదేమోనని మనం నీళ్ళు తాగడం మానేస్తాం. ఎండలో అది తలనొప్పికీ, మూత్రంలో మంటకీ దారి తీస్తుంది. ఎక్కడ ఆగాలో బయల్దేరే ముందే అనుకోండి.

* బండి మీద వెళ్తే, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఔటర్ రింగు రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు.

* పిల్లలకి రైలే ఒక పిక్నిక్. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కి ఎంఎంటీఎస్ రైళ్ళు మొదలయ్యాయి. తిరుగు రైలు వేళ ముందే తెలుసుకోవాలి. మేడ్చల్ దారిలో కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో చెట్ల నీడన పిల్లల్ని నడిపించొచ్చు.

ఇంతకీ ఆ రాత్రి బాబు ఫోన్‌లో వాళ్ళ తాతయ్యకి ఏం చెప్పాడో తెలుసా? "తాతయ్యా, చీమలు ఇల్లు మారుతున్నాయి! కంకుల అవ్వ నన్ను పిలిచింది!" జింకల ఊసే లేదు.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి పెరుగన్నం ఆయనే కలిపారు. ఉప్పు కాస్త ఎక్కువైంది. నేను మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాను.