మట్టిబాటకీ తారురోడ్డుకీ ఒకే సైకిలు



ఇవాళ మనం సైకిలు గురించి చెప్పుకుందాం. “నలభై దాటాక మనకి సైకిలేమిటమ్మా?” అని నవ్వేవారు కాసేపు ఓపిక పట్టండి. తెల్లవారుజామున హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీదో, విశాఖ బీచి రోడ్డు మీదో చూస్తే మన ఈడు ఆడవాళ్ళు కూడా హెల్మెట్ పెట్టుకుని హాయిగా తొక్కుకుంటూ కనిపిస్తారు. ఒంటి బరువంతా మోకాళ్ళ మీద పడకుండా గుండెకీ ఊపిరితిత్తులకీ పని చెప్పే వ్యాయామం ఇది. అయితే ఎన్నో ఇళ్ళలో వేలు పోసి కొన్న సైకిలు మూణ్ణెల్లు తిరక్కుండానే బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకునే దండెమైపోతోంది. కారణం అడిగితే నడుం నొప్పి అనో, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయనో, మోకాలు పోటనో చెబుతారు. చాలాసార్లు ఇందులో వయసు తప్పు తక్కువ, కొలత తప్పు ఎక్కువ.

ఈమధ్య పిల్లలు “గ్రావెల్ సైకిలు” కావాలంటున్నారు. గ్రావెల్ అంటే మరేం లేదు, కంకర. నున్నటి రోడ్డు మీద పరుగెత్తే రేసు సైకిలుకి టైరు 25, 28 మిల్లీమీటర్ల సన్నం. కొండల్లో రాళ్ళమీద తొక్కే సైకిలుకి 50 పైమాటే. గ్రావెల్ సైకిలు టైరు ఈ రెంటికీ మధ్య, 35 నుంచి 50 దాకా ఉంటుంది. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి, చివర్లు కాస్త బయటికి తిరిగి ఉంటాయి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు కంకర రోడ్లమీద ఎంపోరియా అనే ఊళ్ళో 2006లో మొదలైన 200 మైళ్ళ పందెం ఈ సైకిళ్ళకి పేరు తెచ్చింది. 2022లో ఇటలీలో ప్రపంచ పోటీలే జరిగాయి.

పందేల సంగతి మనకెందుకు అంటారా? మన దారులు చూడండి. ఇంటిముందు సిమెంటు రోడ్డు, మలుపు తిరిగితే పైపుల కోసం తవ్విన గుంత, ఆ తర్వాత తారు. గండిపేట వైపో, అనంతగిరి వైపో పోతే పొలాల మధ్య ఎర్రమట్టి బాట. వీటన్నిటికీ ఒకటే సైకిలు చాలాలంటే ఈ మధ్యరకమే నయం.

ఇక ఎంపిక. జాకెట్టు కుట్టించుకునేటప్పుడు అక్క కొలతలతో చెల్లెలికి కుట్టించం గదా! సైకిలూ అంతే. గోడకి ఆనుకుని చెప్పులు లేకుండా నిలబడి, కాళ్ళ మధ్య ఒక అట్టపుస్తకం పైకి ఆనించి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా టేపుతో కొలవండి. దీన్ని కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్ళండి. సైకిలుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే పైకడ్డీకీ మీకూ మధ్య 5 సెంటీమీటర్లయినా సందు ఉండాలి. కూర్చుని బ్రేకుల దగ్గర చేతులు పెడితే మోచేతులు కొద్దిగా వంగాలి. రెండు సైజుల్లో ఏదో తేల్చుకోలేకపోతే చేతులు బారచాచాల్సిన పెద్దదానికంటే చిన్నదే మనకి సుఖం.

గేర్ల విషయంలో అంకెలకి భయపడకండి. ముందున్న పళ్ళచక్రంలో చిన్నదానికి ఎన్ని పళ్ళు, వెనక అన్నిటికంటే పెద్దదానికి ఎన్ని పళ్ళు అని రెండే అడగండి. ముందు 40, వెనక 42 అన్నారనుకోండి, ఎగుడు దారి కూర్చునే ఎక్కవచ్చు. ముందు ఎక్కువ, వెనక తక్కువ అయితే మట్టిబాట ఎగువలో దిగి నెట్టుకోవడమే. డిస్కు బ్రేకులు వైరుతో పనిచేసేవి కొన్ని, నూనె ఒత్తిడితో పనిచేసేవి కొన్ని. రెండో రకానికి ఖర్చెక్కువ గానీ, మన వేళ్ళకి శ్రమ తక్కువ. బ్రేకు పిడి వేళ్ళకి అందకపోతే చాలావాటిలో మర చిన్నది తిప్పి దగ్గరకి జరపవచ్చు. అదీ అడిగి చేయించుకోండి.

కొన్నాక అమరిక. మొదట సీటు ఎత్తు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ దానిమీద పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. సీటు మరీ కిందికుంటే మోకాలి ముందు నొప్పి, మరీ పైకుంటే తుంట్లు అటూ ఇటూ ఊగి మోకాలి వెనక నొప్పి. తర్వాత పెడళ్ళు రెండూ నేలకి సమంగా ఉంచి, దారానికి తాళంచెవి కట్టి ముందుకాలి మోకాలిచిప్ప కింద నుంచి వదలండి. అది పెడలు ఇరుసు దగ్గర పడితే సీటు ముందువెనకలు కుదిరినట్టే. సీటు ముక్కు కిందికి వాలితే బరువంతా చేతులమీద పడి తిమ్మిరి వస్తుంది. సామాన్యంగా ఆడవారికి కూర్చునే ఎముకల మధ్య దూరం ఎక్కువ కాబట్టి కాస్త వెడల్పు సీటు అడగండి. హ్యాండిలు మొదట్లో సీటంత ఎత్తునే ఉంచుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపించేది గాలి, దానికి ఖర్చు కూడా లేదు! టైరు రాయిలా ఉంటేనే సైకిలు పరుగెడుతుందని మనవాళ్ళ నమ్మకం. కంకర మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది. ఆ దెబ్బలన్నీ మన నడుముకే. 60 కిలోల మనిషి ట్యూబున్న 40 మిల్లీమీటర్ల టైరులో ముందు 32, వెనక 36 పౌండ్ల దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇంచుమించు కారు టైరుకి కొట్టించేంత. మరీ తగ్గిస్తే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పాము కాటులా జంట కంతలు పడతాయి. టైరు పక్కన అచ్చేసిన హద్దులు ఎప్పుడూ దాటవద్దు. చాలావాటికి వాల్వు సన్నంగా ఉండి వీధి చివర పంపు పట్టదు. మీటరున్న చేతిపంపు ఇంట్లో ఉంచుకోండి.

పోతే ముళ్ళు. మన పల్లేరుకాయే అమెరికాలోనూ మొలిచి అక్కడి సైకిళ్ళ ప్రాణం తీస్తోంది. దాన్ని వాళ్ళు “మేకతల” అంటారట! దీనికి విరుగుడుగా ట్యూబు తీసేసి, అందుకు పనికివచ్చే చక్రాలయితే, టైరులో పాలలాంటి ద్రవం పోస్తారు. ముల్లు దిగగానే అది కంతలో చేరి గడ్డకట్టి మూసేస్తుంది. మన ఎండలకి కొన్ని నెలల్లో ఆరిపోతుంది గనక మళ్ళీ పోయించుకోవాలి.

మొదటి రెండు వారాలూ కొద్దికొద్ది దూరాలే తొక్కండి. ఎక్కడ నొప్పి అనిపిస్తే అక్కడి అమరిక ఒక్కొక్కటే, కాస్తకాస్తే మార్చి చూసుకోండి. అయినా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. బయల్దేరే ముందు బ్రేకులు, గాలి, బోల్టులు ఓసారి చూసుకుని, హెల్మెట్ బిగించుకోండి. దుకాణంలో మాత్రం ధర చీటీ ఆఖర్న చూడండి. ముందు ఎక్కి, వీధి చివరిదాకా తొక్కి, మీ ఒళ్ళు ఏమంటోందో వినండి.



(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)