ఇంటర్ తర్వాత ఏంటి? చెప్పాల్సిన బాధ్యత కాలేజీదే.. సుప్రీంకోర్టు గైడ్‌లైన్స్‌లో ఏముంది?

కోహెడ (రంగారెడ్డి జిల్లా): టెన్త్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు.. ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటి తలుపు తడతారు. ఫీజు, హాస్టల్, ర్యాంకుల సంగతి గడగడా చెప్పేస్తారు. ‘మా అమ్మాయికి ఏ గ్రూప్ బాగుంటుంది సార్?’ అని అడిగితే మాత్రం వాళ్ల కాలేజీలో ఉన్న గ్రూపే సమాధానం. కోహెడ లాంటి సిటీ శివారు ఊళ్లలో, ఇంట్లో మొదటిసారి ఇంటర్ గడప తొక్కే పిల్లలకు చాలాసార్లు దొరికే కెరీర్ గైడెన్స్ ఇదే. అయితే ఇప్పుడు కాలేజీలు తప్పించుకోవడానికి లేదు.

కోర్టు ఏం చెప్పింది?

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల నీట్ విద్యార్థిని 2023లో మృతి చెందింది. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ దేశమంతటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నింటికీ ఇవి వర్తిస్తాయి. చట్టం వచ్చేదాకా వీటిని పాటించాల్సిందే.

* 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్ ఉండాలి. తక్కువ ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి.
* విద్యార్థులతో పాటు తల్లిదండ్రులకూ క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ ఇవ్వాలి.
* వీలైనంత వరకు మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు.

ఎందుకంత ముఖ్యం?

గ్రూప్ ఎంపికతోనే కొన్ని దారులు మూసుకుపోతాయి. సీఈసీ తీసుకుంటే ఈఏపీసెట్‌తో ఇంజినీరింగ్‌కు వెళ్లలేరు. బైపీసీతో జేఈఈ ద్వారా బీటెక్ కుదరదు. అదే సమయంలో ఏ గ్రూప్ వాళ్లకైనా తెరిచి ఉన్న దారులు చాలామందికి తెలియవు. ఐదేళ్ల లా కోర్సుకు లాసెట్, క్లాట్.. డిజైన్‌కు నిఫ్ట్.. హోటల్ మేనేజ్‌మెంట్‌.. ఎన్డీఏలో ఆర్మీ విభాగం.. వీటికి ఎంపీసీనే ఉండాలన్న రూల్ లేదు. రాష్ట్రంలో బీఏ, బీకాం, బీఎస్సీ సీట్లకు ‘దోస్త్’ ఉంది.

పేరెంట్స్ ఏం చేయాలి?

అడ్మిషన్ ఫీజు కట్టకముందే మూడు ప్రశ్నలు అడగండి. కౌన్సిలర్ ఎవరు? వాళ్ల అర్హత ఏంటి? పేరెంట్స్‌కు సెషన్ ఎప్పుడు? సమాధానం దాటేస్తే ఆలోచించాల్సిందే. చదువు ఒత్తిడితో పిల్లలు ఇబ్బంది పడుతుంటే టెలి మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా కాల్ చేయొచ్చు.