సముద్రం లేని రేవు

ఓడరేవు చూడాలంటే ఎవరైనా సముద్రతీరానికి పోవలసిందే. కాని ఫ్రాన్సు దేశంలో పొలాల నడుమ ఒక రేవు వెలిసింది! పారిస్ నగరానికి తూర్పున 32 కిలోమీటర్ల దూరాన, డిస్నీ వారి వినోదోద్యానం సమీపంలో ఉన్న 'న్యూపోర్ట్ బే క్లబ్' అనే హోటలే అది. అక్కడికి సముద్రం 150 కిలోమీటర్ల పైమాటే.

అయినా ఆ ఆవరణలో అడుగుపెట్టినవారికి ఈ సంగతి గుర్తుండదు. సుమారు 1,100 గదుల భవనం. ముందు పొడుగాటి వసారా. ఎదుట మనుషులు త్రవ్విన సరస్సు. దాని ఒడ్డున దీపస్తంభం. ఏ నావికునికీ దారి చూపని దీపమది! లోపల ఎటు చూచినా ఓడ బొమ్మలు, నీలం తెలుపుల అలంకరణ.

దీనిని రూపొందించిన రాబర్ట్ స్టెర్న్ అనే అమెరికను వాస్తుశిల్పి తన దేశపు ఈశాన్య తీరంలోని పాతకాలపు విడిది హోటళ్లను ఒరవడిగా తీసుకున్నాడు. ఆ తీరంలోని న్యూపోర్ట్ ఒకప్పుడు కోటీశ్వరుల వేసవి విడిది. అక్కడ వాండర్‌బిల్ట్ కుటుంబం 1895లో 70 గదుల సౌధం కట్టుకున్నది. అటువంటి సౌధాలను వారు 'కుటీరాలు' అనేవారట! ఆ వైభవపు ఛాయను రాత్రికింత అని అద్దెకిచ్చే ఏర్పాటే ఈ హోటలు.

1992 ఏప్రిల్ 12న ఉద్యానమూ, దానితోపాటు ఆరు హోటళ్లూ తెరిచారు. మొత్తం సుమారు 5,200 గదులు. ఫ్లోరిడాలో వలె ఇక్కడా జనం నాలుగు రాత్రులు బస చేస్తారని నిర్వాహకుల అంచనా. కాని ఉద్యానం ఒక్కరోజులో చూడవచ్చును. పారిస్‌కు రైలులో ముప్పావు గంటైనా పట్టదు. పగలంతా పిల్లలను ఆడించి, సాయంకాలం తల్లిదండ్రులు రైలెక్కేవారు. ఆ తొలి శీతకాలంలో ఈ హోటలునే మూసివేయవలసి వచ్చింది.

నష్టాలు పెరిగి, 1994లో అప్పులకు కొత్త ఒప్పందాలు చేసుకున్నారు. 1995లో ప్రవేశ రుసుము 250 ఫ్రాంకుల నుండి 195కు దించారు. ఆ ఏడే మొదటిసారి లాభం కనబడింది. 2002లో రెండవ ఉద్యానం తెరవడంతో అక్కడ ఒక రాత్రి నిలవడానికి తగిన కారణం దొరికింది. హోటలు నిలిచింది.

సముద్రం లేనిచోట సముద్రాన్ని భ్రమింపజేయడం శిల్పికి సాధ్యమైంది. కాని పిల్లల చేయి పట్టుకుని వచ్చిన గృహస్థు, ఎంత భ్రమలో ఉన్నా, రాత్రి పడకకు ఎంతవుతుందో లెక్క వేయడం మరచిపోడు గదా!