బర్రెకు ఎండదెబ్బ - పాడికి గండి

కర్మన్‌ఘాట్ : మండుటెండలో మనిషైతే చెట్టు నీడకు చేరతాడు. గుంజకు కట్టేసిన బర్రె ఎక్కడికి పోగలదు?

ఆంజనేయస్వామి గుడితో పేరుపొందిన కర్మన్‌ఘాట్ ఒకప్పుడు సరూర్‌నగర్ పక్కనున్న పల్లె. పొలాలుండేవి, చెట్లుండేవి. నేడది నగరంలో కలిసిపోయింది. పొలాల చోట కాలనీలు వెలిశాయి. సరూర్‌నగర్ చెరువులో మురుగు చేరింది. నగరం చుట్టూ పాడిని నమ్ముకున్న కుటుంబాలు మూసీ నీటితో పెరిగిన పారా గడ్డి కొని, రేకుల కొట్టాల్లో బర్రెలను సాకుతున్నాయి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటితే ఆ రేకుల కింద కొలిమే.

బర్రె తోలు నలుపు. ఎండను ఇట్టే పీల్చుకుంటుంది. చెమట గ్రంథులు ఆవుకన్నా చాలా తక్కువ. అందుకే అది నీళ్లలో పడుకోవాలని చూస్తుంది. సంకరజాతి ఆవులకూ ఎండ పడదు. ఎక్కువ పాలిచ్చే పశువు ఒంట్లో వేడి ఎక్కువ పుడుతుంది గనుక, ముందుగా దెబ్బతినేది అదే.

వేడి హెచ్చితే పశువు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి. దిష్టి తగిలిందనుకుని ఊరుకుంటే నష్టం అంతటితో ఆగదు. వేసవిలో బర్రె ఎదకు వచ్చినా లక్షణాలు పైకి సరిగా కనిపించవు. అదను తప్పితే చూలు ఆలస్యమవుతుంది, ఆ మేరకు వట్టిపోయిన పశువును ఊరికే మేపవలసి వస్తుంది. కనుక రాత్రిపూట, తెల్లవారుజామున ఎదను గమనించాలి.

ఏం చేయాలి?

కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువగా పడుతుంది. రేకులపై వరిగడ్డి గానీ తాటాకులు గానీ పరచాలి. లేదా తెల్లసున్నం పూయాలి. పక్కలకు తడి గోనెపట్టాలు కట్టవచ్చు. అయితే గాలి ఆడాలి. గాలి ఆడని కొట్టంలో నీళ్లు చల్లితే ఉక్క పెరిగి, మేలుకు బదులు కీడు జరుగుతుంది.

గేదె పాలలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. తాగేందుకు నీరు చాలకపోతే పాలెక్కడివి? నీడలో ఉన్న తొట్టిలో చల్లని నీరు రాత్రింబవళ్లు ఉండాలి. మధ్యాహ్నం రెండు మూడుసార్లు ఒంటిపై నీళ్లు పోయాలి. దాణా, పచ్చిగడ్డి ఉదయం పెందలాడే పెట్టాలి. ఎండుగడ్డి అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కనుక దానిని రాత్రికి ఉంచాలి. దాణాలో ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం కలపాలి.

ప్రమాద సూచనలు

నోరు తెరిచి రొప్పడం, చొంగ కార్చడం, తూలడం ఎండదెబ్బ లక్షణాలు. వెంటనే పశువును నీడకు చేర్చి, తలపైన, ఒంటిపైన చల్లని నీళ్లు ధారగా పోయాలి. పడిపోయిన పశువు గొంతులో బలవంతంగా నీళ్లు పోయరాదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమున్నది. ఆలస్యం చేయక పశువైద్యుని పిలవాలి.

నాలుగు తాటాకులు, తొట్టెడు నీళ్లు పెద్ద ఖర్చేమీ కాదు. పాడిబర్రె పోతే ఇంటి బతుకుతెరువే పోతుంది.