చిరాన్ ఆవరణమందలి అశ్వశాల

రాజభవనములను వర్ణించువారు ప్రాయికముగ సభామంటపముకడనే నిలిచిపోవుదురు, లాయమువైపు చూడరు. కాని ప్రభువుల జీవనవిధానమును దెలిసికొనుటకు లాయములును ప్రబలసాక్ష్యములే యని మా యభిప్రాయము.

హైదరాబాదున జూబిలీహిల్సునందలి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము పూర్వము ముకర్రం జా ప్రభువు ఎస్టేటు. అందు చిరాన్ భవనమేగాక మోర్ బంగళా, గోల్ బంగళా, గుఱ్ఱపులాయములు, పశువులశాలలు, మోటారు గారేజీలు, పెట్రోలు పంపు, బావులు నుండెను. లాయమును గారేజీయు నొక్క యావరణమున జేరుట గమనింపదగినది.

శాలానిర్మాణము అందుండు వాహనమును బట్టి యేర్పడును. హంపి గజశాలయందు 11 గదులు ఒకే వరుసను దీరియున్నవి. వానికి గుమ్మటములు, ఎత్తైన కమానుద్వారములు గలవు. ఏనుగునకు ఆ యెత్తు అవసరము. గుఱ్ఱమునకు ఎత్తుకంటె గాలియు పొడినేలయు ముఖ్యములు. కావున లాయమునకు కప్పుక్రింద గాలిరంధ్రములు, కొంచెము వాలుగల నేల, మూత్రము పాఱుటకు కాలువ అమర్తురు. కారునకు వెడల్పైన తలుపు, గట్టినేల చాలును. ఏ పాతశాలలోనైనను కాలువ పూడ్చి తలుపు వెడల్పుచేసిన జాడ కనబడినచో, గుఱ్ఱము వెడలి కారు ప్రవేశించినదేమో యని పరిశోధకుడు విచారింపవలెను.

1998లో ఈ యావరణము జాతీయోద్యానమైనది. వృక్షములకు రక్షణ కలిగినది. అనుబంధపు కట్టడములకును కొలతలు, పటములు సిద్ధము కావలెను. మందుర, వాజిశాల, లాయము అను పదములను నిఘంటువులు కాపాడినవి. కట్టడములు నశించినచో ఆ పదముల యర్థమును విద్యార్థులకు కంటికి జూపు నవకాశము మనకుండదు.